వీధి దీపం కింద చామంతి

శ్రోతలకు నమస్కారం.

మొన్న పోలిపాడ్యమి నాడు తెల్లవారుజామున నాగావళిలో దీపాలు వదిలి ఇంటికి వస్తున్నాం. దారిలో మా ఆవిడ అంది, "కార్తీకం వెళ్లిపోయింది. ఇంక మన పెరట్లో పూలు కూడా అయిపోయినట్టే." నేనూ అవునేమో అనుకున్నాను. వెలుగు వచ్చాక పెరటి తలుపు తీసి చూస్తే, అయిపోయింది ఒక్క పారిజాతమే. అది కూడా పూర్తిగా కాదు.

శ్రీకాకుళంలో మాది పెద్ద తోటేం కాదు. ఇంటి వెనక రెండు మంచాలు పట్టేంత పెరడు, ముందు గేటు పక్కన కొన్ని కుండీలు. దసరా రోజుల్లో పారిజాతం కింద చాప పరిచినట్టు ఉండేది. ఇప్పుడు పదో పన్నెండో పూలు, మంచుకి తడిసి మట్టికి అంటుకుని ఉంటున్నాయి. మామూలుగా నేల మీద పడ్డ పువ్వు పూజకి పనికిరాదంటాం. పారిజాతానికి మాత్రం ఆ పట్టింపు లేదు. దాని నారింజ రంగు కాడలతో పూర్వం బట్టలకి రంగు వేసేవారు.

బంతి ఇంకా విరగబూస్తోంది. ఎండిపోయిన బంతిపువ్వుని పారేయకుండా ఒకసారి చిదిమి చూడండి. నల్లటి సూదుల్లాంటి గింజలు, ఒక్కో గింజ కొసన తెల్లటి కుచ్చు. మనం రెక్క అనుకునేది నిజానికి ఒక్కొక్కటీ ఒక పువ్వే. అలాంటివి ఎన్నో కలిసి ఒకే గిన్నెలో కూర్చుంటే దాన్ని మనం ఒక బంతిపువ్వు అంటున్నాం. ఇంకో మాట, బంతి మన దేశపు మొక్క కాదు. దాని పుట్టిల్లు మెక్సికో వైపు. ఈ సంగతి చెబితే మా అమ్మ చనిపోయేదాకా నమ్మలేదు. "గుమ్మానికి బంతి తోరణం లేని పండగ ఉందేట్రా?" అనేది.

గోడ వార డిసెంబరాలు మొదలయ్యాయి. లేత ఊదా రంగు, వాసన ఊసే లేదు. కనకాంబరాలతో కలిపి, మధ్య మధ్య మరువం వేసి కడితే వాసన లోటు తెలియదు.

ఇక చామంతి. ఈవేళ నేను అసలు చెప్పాలని వచ్చింది దాని గురించే.

మాకు రెండు చామంతి కుండీలు ఉన్నాయి. ఒకే మొక్క నుంచి తీసిన పిలకలు, ఒకే మట్టి, ఒకే పేడ ఎరువు. ఒకటి పెరట్లో పెట్టాను, రెండోది అందం కోసం గేటు దగ్గర. దీపావళి నాటికి పెరట్లోది మొగ్గ తొడిగింది. గేటు దగ్గరది మాత్రం ఆకులు, ఆకులు, ఒట్టి ఆకులు. నీళ్లు ఎక్కువయ్యాయేమోనని తగ్గించాను. తక్కువయ్యాయేమోనని మళ్లీ పెంచాను. పేనుబంక పట్టిందేమోనని కళ్లజోడు పెట్టుకుని ఆకుల అడుగున వెతికాను. ఒక్క పురుగు లేదు.

నాగుల చవితి నాడు, మా వీధిలో పూలమ్మే పెద్దావిడ గంప దించి ఆ కుండీ వైపు చూసింది. తరవాత తల పైకెత్తి స్తంభం వైపు చూసింది. ఈ ఏడాదే మా గేటుకి సరిగ్గా పైన తెల్లటి దీపం వేశారు. రాత్రిపూట దాని కింద పేపరు చదువుకోవచ్చు.

"రేత్రి నిద్దర నేదు బాబూ దానికి. పువ్వేటి పూస్తాది?" అంది.

నేను నవ్వాను గానీ ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. చామంతికి లెక్క రాత్రితోనే. మన శ్రీకాకుళంలో జూన్ చివర పగలు 13 గంటలకి కాస్త పైనే ఉంటుంది, డిసెంబరు చివరికి అది 11 గంటలకి దిగుతుంది. అలా రాత్రి పొడవు పెరుగుతుంటే, ఇక పూయవచ్చని మొక్కకి తెలుస్తుంది. మధ్యలో దీపం వెలిగితే రాత్రి తెగిపోయినట్టే, లెక్క తప్పుతుంది. పగటి పొడవుకీ పూతకీ సంబంధం ఉందని 1920లో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రవేత్తలు వివరంగా రాశారు. వాళ్లని ఆ దారి పట్టించింది వేసవంతా ఎత్తుగా పెరిగి పువ్వు ఊసెత్తని ఒక పొగాకు మొక్క. అసలు కొలత పగలు కాదు, చీకటి అని తేలింది ఆ తరవాతే. చామంతి వేసే రైతులు దీన్నే వ్యాపారానికి వాడుకుంటారు. పూత ఆలస్యం కావాలంటే రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగిస్తారు. నాకు ఆ పని వీధి దీపం ఖర్చు లేకుండా చేసి పెట్టింది!

దీపం తీసేయమని ఎవరినీ అడగలేదు. చీకట్లో ఆ మలుపు దగ్గర ఇద్దరు ముగ్గురు పడ్డారు, దీపం ఉండాల్సిందే. కుండీనే మోసుకెళ్లి పెరట్లో చీకటి మూల పెట్టాను. సరిగ్గా ఆ మూలే 2018 అక్టోబరు 11న ఖాళీ అయింది. తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తెల్లవారుజామున, అక్కడున్న నందివర్ధనం మొదలంటా వాలిపోయింది. ఉద్దానంలో కొబ్బరి తోటలకి తోటలే పడిపోయిన చోట నా నందివర్ధనం గురించి చెప్పుకోవడం సిగ్గే. కానీ అప్పటి నుంచి అక్టోబరు దాటేదాకా నాకు ఏ మొక్క మీదా ధీమా ఉండదు. మబ్బు పడితే టెన్షనే.

కుండీ మార్చి మూడు వారాలు దాటింది. పోలిపాడ్యమి ఉదయం వంగి చూస్తే చివరి ఆకుల మధ్య మిరియపు గింజంత పచ్చటి గుండ్లు. లెక్కపెట్టాను, పదకొండు. విచ్చుకోవడానికి ఇంకో నెలైనా పడుతుంది. అంటే వీటి పెద్దక్కలు వాడిపోయి, ముగ్గుల్లో గొబ్బెమ్మలు పెట్టే రోజులకి ఇవి వస్తాయన్నమాట.

నిన్న పూలావిడ వచ్చినప్పుడు పిలిచి చూపించాను. కొంగుతో చేతులు తుడుచుకుని, ఒక మొగ్గని వేలితో మెల్లగా తాకింది.

"పూసాక రెండు నాకు ఉంచు బాబూ" అంది.

"గంపెడు పూలు నీ దగ్గరే ఉన్నాయి కదమ్మా!" అన్నాను.

"అవి అమ్ముకోడానికి. ఇవి సిగలో ఎట్టుకోడానికి" అని గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.