ఆ 35 శాతాన్ని నమ్మి చేతులు కాల్చుకున్నాను

నమస్తే. ఈ వీడియో మొత్తం ఒక్క చెయ్యి గురించే. ఆట టెక్సస్ హోల్డెమ్, అంటే పోకర్‌లో ఒక రకం: ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు, అందరికీ కలిపి బల్ల మీద ఐదు. మన దగ్గర ఆఠీను ఆసు, ఆఠీను ఏడు ఉన్నాయి. ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద మొదట తెరిచే మూడు ముక్కల్లో, ఆఠీను రాజు, ఆఠీను మూడు, కళావరు తొమ్మిది పడ్డాయి. ఆఠీన్లు నాలుగయ్యాయి, ఇంకొక్కటి పడితే ఫ్లష్, అంటే ఒకే జాతి ముక్కలు ఐదు. అదీ ఆసుతో, అంటే ఫ్లష్‌లన్నిటిలోకీ పెద్దది.

పాట్‌లో (అందరూ కాసిన పందెం కుప్పలో) 60 చిప్స్ ఉండగా అవతలి ఆటగాడు 30 వేశాడు. ఏం చేద్దాం?

ముందు ముక్కలు లెక్కపెడదాం. పేకలో 52. మనకు కనిపించేవి ఐదు, కనిపించనివి 47. మొత్తం 13 ఆఠీన్లలో నాలుగు ఇక్కడే ఉన్నాయి కాబట్టి మిగిలినవి తొమ్మిది. మనల్ని గెలిపించే ఈ ముక్కలే మన అవుట్స్. వాటిలో ఒకటి పడే అవకాశం ఎంత శాతమో తెలియాలంటే, ఇంకా రెండు ముక్కలు రావాల్సి ఉంటే అవుట్స్‌ని నాలుగుతో, ఒక్కటే రావాల్సి ఉంటే రెండుతో గుణించమంటారు. ఆ లెక్కన 36 శాతం, 18 శాతం వస్తాయి. అసలు విలువలు 35, 19. టేబుల్ దగ్గర ఆ మాత్రం తేడా ఫర్వాలేదు. అవుట్స్ బాగా ఎక్కువైతే మాత్రం ఈ గుణకారం కాస్త ఆశ పెడుతుంది. పదిహేను అవుట్స్‌కి 60 అని చూపిస్తుంది, నిజానికి 54.

ఇప్పుడు ధర చూద్దాం. 30 పెడితే పాట్ 120 అవుతుంది. 120లో 30 అంటే పావు వంతు, 25 శాతం. అంటే నూటికి 25 సార్లు గెలిచినా నష్టం లేదు. మన దగ్గర 35 ఉంది, అవసరమైంది 25. ఇంకేం, కాల్, అంటే అతను వేసినంతా మనమూ వేద్దాం!

నేను చాలాకాలం సరిగ్గా ఇలాగే ఆడాను. లెక్క వచ్చని ధీమా కూడా ఉండేది. అయినా చిప్స్ కరిగిపోతుంటే నా టైమ్ బాలేదనుకునేవాణ్ణి.

తప్పు ఎక్కడంటే, 35 శాతం రెండు ముక్కల ధర. నేను కట్టిన 30 ఒక్క ముక్కకే. నాలుగో ముక్క, అంటే టర్న్, చూడగానే అవతలివాడు మళ్లీ బిల్లు చేతిలో పెడతాడు. ఎవరైనా ఫ్లాప్‌లోనే ఆల్ ఇన్ అయిపోయి (ఉన్న చిప్స్ అన్నీ పెట్టేసి), ఇక బెట్టింగ్ లేకపోతేనే ఆ 35 మనది. లేకపోతే మన చేతిలో ఉన్నది 19.

అంటే ఫోల్డ్ చేయాలా, ముక్కలు పడేయాలా? అక్కర్లేదు. 47 ముక్కల్లో 38 మనకు పనికిరావు, తొమ్మిది పనికొస్తాయి. 30 పెట్టి నష్టపోకుండా ఉండాలంటే ఆఠీను పడ్డప్పుడల్లా సుమారు 127 రావాలి. పాట్‌లో 90 ఉంది. మిగతా 37 తర్వాతి బెట్స్‌లో రాబట్టుకోవాలి. అవతలివాడి దగ్గర చిప్స్ దండిగా ఉంటే అది సాధ్యమే. దీన్నే ఇంప్లైడ్ ఆడ్స్ అంటారు. కాబట్టి ఫ్లాప్‌లో నా కాల్ సరైనదే, కారణమే తప్పు.

టర్న్‌లో ఇస్పేటు రెండు పడింది. పాట్ 120. అతను 80 వేశాడు. ఇక్కడ చూడండి. 80 పెడితే పాట్ 280 అవుతుంది, అంటే మనకు దాదాపు 29 శాతం కావాలి. ఉన్నది 20 లోపే. ఇంప్లైడ్ ఆడ్స్ కలిపినా, ఫ్లష్ పడ్డ ప్రతిసారీ రివర్‌లో, అంటే ఐదో ముక్క పడ్డాక, సగటున ఇంకో 129 రాబట్టాలి. బోర్డు మీద మూడో ఆఠీను కనిపించగానే ఎదుటివాడికి కళ్లు లేవా? ఏమీ వేయకుండా చెక్ చేసి కూర్చుంటాడు. సగంసార్లే కాల్ చేస్తాడనుకుంటే 258 బెట్ వేయాలి. ఫోల్డ్.

ఆసు పడినా గెలుస్తాం కదా అంటారా? అతని దగ్గర రాజు జత ఉంటే గెలుస్తాం. ఆసు, రాజు రెండూ అతని దగ్గరే ఉంటే ఆసు పడి మన కొంప ముంచుతుంది. అందుకే ఆ మూడు ఆసుల్ని నేను ఒకటిన్నర అవుటే అనుకుంటాను. అలా కలిపినా 23 శాతం దాటదు.

స్ట్రెయిట్ (వరసగా ఐదు ముక్కలు) కోసం ఎదురుచూసే స్ట్రెయిట్ డ్రాలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మన దగ్గర తొమ్మిది, ఎనిమిది ఉండి ఫ్లాప్‌లో ఏడు, ఆరు, రాజు పడితే పదులు, ఐదులు కలిపి ఎనిమిది అవుట్స్. కానీ ఆ మూడింటిలో రెండు మనకు లేని ఒకే జాతివైతే, ఎనిమిదిలో రెండు ముక్కలు మనకు స్ట్రెయిట్ ఇస్తూనే ఎదుటివాడికి ఫ్లష్ ఇవ్వొచ్చు. ధైర్యంగా లెక్కపెట్టుకోదగ్గవి ఆరే. 17 శాతం కాస్తా 13 అయిపోయింది.

మళ్లీ మన చేతి దగ్గరికి వద్దాం. అవే ముక్కలు, అదే టర్న్, పాట్ అదే 120. కానీ అతను 80 బదులు 30 వేశాడనుకోండి. 180లో 30, అంటే 17 శాతం లోపు. మనకు 19 పైనే ఉంది. రివర్‌లో ఒక్క చిప్ కూడా అదనంగా రాకపోయినా ఇక్కడ కాల్ చేయడమే సరైనది.