కాపర్ టీ వేసే ముందు: బ్లాడర్ సంగతి చూశారా?

అందరికీ నమస్తే. ఇవాళ మోడల్ మీద కాపర్ టీ 380ఏ, అంటే గర్భం రాకుండా గర్భసంచిలో పెట్టే టీ, వేసి చూపిస్తాను. కౌన్సెలింగ్, సంతకం, ప్రెగ్నెన్సీ లేదని చూసుకోవడం... అవన్నీ అయిపోయాయి అనుకుందాం. ట్రే ఇదిగో, రెడీ.

ముందు టీ వేయించుకునే ఆవిడని బాత్రూమ్‌కి పంపండి. "ఇందాకే వెళ్లొచ్చానమ్మా" అంటారు. ఆ ఇందాక అంటే ఓపీ చీటీ తీసుకోకముందు. మళ్లీ పంపండి.

ఎందుకో ఇటు చూడండి. ఇది బ్లాడర్, అంటే మూత్రాశయం, దాని మీదకి వాలి ఉన్నది గర్భసంచి. ఎక్కువమందికి ఇలా ముందుకే వాలి ఉంటుంది. ఇప్పుడు సిరంజితో ఈ బ్లాడర్‌లోకి నీళ్లు ఎక్కిస్తున్నా... చూశారా, ఫండస్, అంటే సంచి పైభాగం, పైకి లేచి వెనక్కి పోతోంది. ఇదిగో ఇక్కడ, సర్విక్స్ (గర్భసంచి ముఖద్వారం) పైన ఉన్న వంపు కూడా కాస్త సాఫీ అయింది.

"అయితే మంచిదే కదా మేడమ్?" అంటారు. నిజమే, ఐవీఎఫ్‌లో ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్‌కి (పిండాన్ని సంచిలో పెట్టడానికి) నీళ్లు తాగించి పడుకోబెట్టేది అందుకే. పొట్ట మీద స్కాన్‌లో బాగా కనిపిస్తుంది కూడా. మనకిక్కడ స్కాన్ లేదు, ఉన్నది వేళ్లే. నిండిన బ్లాడర్ మీద నొక్కితే ఆవిడ పొట్ట బిగబట్టేస్తారు, ఫండస్ చేతికి అందదు. ఇక వంపు అంటారా, దానికి సర్విక్స్‌ని పట్టి లాగే వల్సెల్లమ్ ఉంది.

ఒక్క నిమిషం, ఇక్కడ ఆగుదాం. ఫైల్లో స్కాన్ రిపోర్ట్ ఉంటుంది, అందులో యూట్రస్ పొజిషన్ రాసి ఉంటుంది. చదవండి, కానీ దాన్ని నమ్ముకుని సౌండ్ (సంచి లోతు కొలిచే కడ్డీ) పెట్టకండి. పొట్ట మీద చేసిన స్కాన్ అయితే అది నిండు బ్లాడర్‌తో తీసింది. ఇప్పుడు ఖాళీ చేయించాం కదా, వంపు మారి ఉండొచ్చు. అందుకే బాత్రూమ్ తర్వాతే బైమాన్యువల్ (లోపల వేళ్లు, పొట్ట మీద రెండో చెయ్యి పెట్టి చూడటం), ఆ వెంటనే మిగతా పని. మధ్యలో ఇంకో పేషెంట్‌ని చూసి వస్తే మళ్లీ చెయ్యి పెట్టి చూసుకోవాల్సిందే.

ఇక సర్విక్స్ కనిపించేలా తెరిచి ఉంచే స్పెక్యులమ్. పట్టుకునే మనిషి ఉంటే సిమ్స్ రకం, ఒక్కదాన్నే అయితే నాకు కస్కో రకమే హాయి. శుభ్రం చేశాం. వల్సెల్లమ్ పట్టి మెల్లగా, నిలకడగా లాగండి. అదిగో, వంపు తీరింది. సౌండ్ కొన ముందుకి వాలిన సంచి అయితే పైకి, వెనక్కి వాలినదైతే కిందికి. బలం వద్దు, తగిలిన చోట ఆపండి. 6 సెంటీమీటర్ల లోపే ఆగిపోతే టీ వేయొద్దు. తగలాల్సిన చోట తగలకుండా లోపలికి జారిపోతున్నా తీసేయండి, పర్‌ఫొరేషన్, అంటే సంచికి చిల్లు పడిందని, అనుమానించాలి.

ఇక్కడ 7 వచ్చింది. ట్యూబ్ మీది నీలం గేజ్ 7 దగ్గర పెట్టాను, టీ కవర్లోనే లోడ్ చేశాను, లోపలికి పంపాను. ఇప్పుడు ట్యూబ్ లోపలి రాడ్ కదలకూడదు, ట్యూబే వెనక్కి రావాలి. దారాలు 3 సెంటీమీటర్లు వదిలి కత్తిరించండి.