రోడ్డు పెద్దగయితుంది సరే, ఒర్రె ఎటు పోవాలె?

అందరికీ నమస్తే. ఇయ్యాల నేను రోడ్ల ముచ్చట మాట్లాడుదామని వచ్చిన. గుంతల గురించి, టోల్ గేట్ల గురించి కాదు. ఉన్న రోడ్డును నాలుగు లైన్లో ఆరు లైన్లో చెయ్యాలని అనుకున్నప్పుడు దాన్ని ఏ పక్కకు జరపాలె, ఊరి నడుమకెళ్లే పోనియ్యాల్నా, బయటకెళ్లి బైపాస్ తియ్యాల్నా, ఆ నిర్ణయం తీసుకునే కాడ చెట్లు, చెరువులు, ఒర్రెలు అంటే చిన్న వాగులు, జంతువులు ఇవన్నీ ఎట్ల లెక్కకొస్తయి, ఎట్ల రావాలె అన్నది నా మాట.

మాది జడ్చర్ల అవతల రోడ్డు మీది ఊరు. నా చిన్నప్పుడు ఆ రోడ్డు ఎంతుండెనంటే రెండు లారీలు ఎదురైతే ఒకటి మట్టిలకు దిగి నిలవడాలె. రాత్రిపూట యాక్సిడెంట్ కాని నెల లేకుండె, మా వాడకట్టుల ఇద్దరు పోయిన్రు ఆ రోడ్డు మీద. అందుకే రోడ్డు పెద్దగ కావాలని కోరుకున్నోళ్లల్ల నేను గూడ ఒకణ్ని, ఇప్పటికీ అదే అంటున్న. పెద్దగయింది, మంచిగనే అయింది, హైదరాబాద్ దవాఖానకు పోవుడు సులువైంది. కానీ రోడ్డు కట్టను ఎత్తు లేపిన్రు. మా ఊరి కుంటకు నీళ్లు తెచ్చే పాటుకాలువ రోడ్డుకు అడ్డంగ వస్తది, పాత రోడ్డు కింద ఆ నీళ్లు దాటిపోయేటందుకు దానికొక రాతి మోరీ ఉండె. కొత్త రోడ్డుకు గూడ మోరీ పెట్టిన్రు, పెట్టలేదని అనను, కాకపోతే పాత జాగల కాకుండ ఓ 200 అడుగులు పక్కకు, అదీ కాలువ అడుగు కంటె ఎత్తుల పెట్టిన్రు. ఇంక చూడున్రి, వాన పడితే నీళ్లు రోడ్డుకు ఈ పక్కన్నే ఆగుడు, మా నాయిన రెండెకరాల చెల్క జాలు పట్టి జొన్నలు కుళ్లిపోవుడు, అవతలి పక్క కుంట మాత్రం నోరు తెరుచుకొని ఎండుడు. కుంట ఎండితే దాని కింది బోర్లు గూడ ఎండుతయి గదా. ఏండ్లు గడిచినంక మా ఊరోళ్లే చందాలేసుకొని ఒక పక్క కాలువ తవ్వుకున్నరు, అప్పటికి సగం మంది ఆ భూములు కౌలుకిచ్చి పట్నం పోయిన్రు.

మా ఊర్ల నీరటి పని చేసిన తాత ఒకాయన ఉండె. తూము ఎప్పుడు ఎత్తాలె ఎప్పుడు దించాలె, ఏ కాలువల ఎంత నీళ్లు పారుతది అన్నీ ఆయనకే ఎరుక. ఆయన ఒక మాటన్నడు నాతోని, "కొడుకా, కొలతలకు వచ్చిన సార్లు ఎండకాలం వచ్చిన్రు. ఎండకాలం ఒర్రెల ఏముంటది, ఇసుక, కంపచెట్లు. నన్నొక్కసారి పిలిచి అడిగితే చూపెడుదునే." ఆ మాట నేను మర్వలేదు. తర్వాత నేను ఇవన్నీ చదువుకుంట పోతుంటే తెలిసిందేందంటే, పర్యావరణ నివేదికలకు సేకరించే వివరాలు గూడ మామూలుగ ఒక్క సీజన్‌వే, అది గూడ వానకాలం కాని సీజన్. గాలి ఎంత పాడైంది, చప్పుడెంత అని కొలిచేటందుకు అది పనికొస్తదేమో గానీ, పాలమూరు నల్లగొండల నీళ్ల తొవ్వ ఏంది అని తెలుసుకోవాలంటే వానకాలమే చూడాలె. మనకాడ వాగులు ఏడాదికి పది ఇరవై దినాలు పారేటియి, మిగతా అంతా ఉత్త ఇసుక బాట లెక్క ఉంటయి. చూసినోడు ఇది వాగని ఎట్ల గుర్తు పడతడు?

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేసే పద్ధతులు చెప్తా, ఎందుకంటే చాలామంది ఒకటే పద్ధతి ఉంటదనుకుంటరు. ఉన్న రోడ్డుకు రెండు పక్కల సమానంగ పెంచుడు ఒకటి. దీంట్ల ఎవ్వరికీ పెద్ద దెబ్బ తగలదని అనిపిస్తది గానీ రెండు వరసల చెట్లూ పోతయి, రెండు పక్కల ఇండ్ల ముందరి భాగాలూ పోతయి. ఒక్క పక్కకే పెంచుడు ఇంకొకటి, ఇట్ల చేస్తే ఒక వరస చెట్లు బతుకుతయి, కానీ ఆ పక్క రైతుకు డబుల్ నష్టం. పాత రోడ్డును చెట్లతోని సహా అట్లనే ఉంచి పోయే బండ్లకు ఇచ్చేసి, వచ్చే బండ్లకు అవతల కొత్త రోడ్డు ఏసుడు గూడ ఉన్నది, అప్పుడు చెట్లన్నీ నడుమ ఉంటయి. భూమి ఎక్కువ పడతది, ఖర్చయితది, కానీ చెట్లు ఉంటయి. ఇంక బైపాస్. ఊరోళ్ల ఇండ్లు దుకాణాలు మిగుల్తయి, అయితే కొత్త గీత పొలాల నడుమకెళ్లి, చెరువు శిఖంలకెళ్లి అంటే నీళ్లు నిలిచే జాగలకెళ్లి, ఒక చెరువు నిండితే ఇంకో చెరువుకు నీళ్లు పోయే గొలుసుకట్టు కాలువల మీదికెళ్లి పోతది. 60 మీటర్ల వెడల్పు జాగ కావాలంటే కిలోమీటరుకు ఆరు హెక్టార్లు, అంటే సుమారు 15 ఎకరాలు. పది కిలోమీటర్ల బైపాస్ అంటే 150 ఎకరాల సంగతి.

మట్టి గూడ లెక్కేసుకోవాలె. రోడ్డు కట్ట రెండు మీటర్ల ఎత్తు, పాతిక మీటర్ల వెడల్పు అనుకుంటే కిలోమీటరుకు 50 వేల ఘనపు మీటర్లు మొరం కావాలె, పది ఘనపు మీటర్లు పట్టే టిప్పరైతే 5 వేల ట్రిప్పులు. అదంతా యాడికెళ్లి వస్తది? మన గుట్టలకెళ్లి, మన చెరువులకెళ్లి. మహారాష్ట్రల బుల్దానా పద్ధతని ఒకటి చేసిన్రు, రోడ్డుకు మట్టి కావాలంటే చెరువులు నాలాలు లోతు చేసి ఆ మట్టి తీసుకుపోవుడు, రోడ్డుకు మట్టీ దొరుకుతది ఊరికి నీళ్లూ నిలుస్తయి. మనం గూడ 2015ల మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు 46 వేల పైచిలుకు చెరువులు లెక్కలకెక్కినయి, పూడిక తీసి పొలాలకు తోలుకున్నం. రోడ్డు పని ఒక ఊరికి వస్తుందంటే ఆ ఊరి చెరువు లోతయ్యే తీరుగ మాట్లాడుకుంటే ఎంత బాగుంటది చెప్పున్రి. కాకపోతే ఎక్కడ పడితే అక్కడ గుంత పెడితే తూముకు నీళ్లందవు, చెరువు నడుమ బొందలు పడి పిల్లలు మునిగి చస్తరు, ఎంత లోతు తియ్యాలె అన్నది ముందే రాసుకోవాలె.

చెట్ల ముచ్చటకొస్తే మన కొడంగల్ మీదికెళ్లి బీజాపూర్ పోయే రోడ్డు గురించి చాలామంది వినే ఉంటరు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాక 46 కిలోమీటర్లు, చేవెళ్ల మర్రిచెట్లు అంటరు, 900 పైన లెక్కకొచ్చినయి. రోడ్డు పెద్దగ చేస్తే అవన్నీ పోతయని చెట్లంటే ప్రాణమున్నోళ్లు హరిత ట్రిబ్యునల్ అనే పర్యావరణ కోర్టు దాక పోయిన్రు. ఆ రోడ్డు మీద యాక్సిడెంట్లయి మనుషులు చస్తున్నరు, రోడ్డు తొందరగ ఎయ్యండని అడిగినోళ్లు గూడ ఉన్నరు, వాళ్ల దుఃఖం గూడ నిజమే. ఏండ్లకేండ్లు పని ఆగింది. నాకు అనిపించేదేందంటే, ఆ రెండు కోరికలకు తగాదా పడాల్సిన అవసరమే లేకుండె, మొట్టమొదటి గీత గీసేటప్పుడే చెట్లను నడుమ ఉంచే నమూనా, పక్కకు జరిపే నమూనా, పీకి వేరే కాడ నాటే నమూనా, మూడూ ముందర పెట్టి ఖర్చుతో సహా జనానికి చూపెట్టి ఉంటే అక్కడ ప్రాణాలు పోయినోళ్లల్ల కొందరు ఇయ్యాల బతికుండేటోళ్లేమో. మర్రి, రావి లాంటియి పీకి నాటితే మంచిగ చూసుకుంటే బతుకుతయి, చింత వేప అంత సులువుగ బతకవు. చేవెళ్ల మర్రికి వర్తించిన ఉపాయం మన నల్లగొండ రోడ్ల చింతచెట్లకు వర్తించదు. పాలమూరు పిల్లలమర్రిని యాది చేసుకోండి, దగ్గర దగ్గర 700 ఏండ్ల చెట్టు, చెదలు పట్టి పెద్ద కొమ్మ విరిగితే 2018ల మనిషికి సెలైన్ ఎక్కించినట్టు మందు సీసాలు కట్టి చుక్క చుక్క ఎక్కించి బతికించుకున్నం. ఒక్క చెట్టుకు అంత చేసినోళ్లం మనం.

రోడ్డు పక్క బీడును గూడ ఎవ్వరూ లెక్కల రాయరు. తంగేడు, గునుగు ఎక్కడ పూస్తయి, ఆ బీడులనే గదా. బతుకమ్మ పండగొస్తే మా అక్కలు ఇప్పుడు పువ్వు కొనుక్కుంటున్నరు. గౌడన్నల ఈతచెట్లు, తాటిచెట్లు గూడ రోడ్డు పొంటి, కాలువ పొంటే ఉంటయి. పెద్ద చెట్టుకు నంబరేసి లెక్క పెడతరు, ఈ బతుకు ఆ లెక్కల రాదు.

అడవి సంగతి వేరే. కల్వకుర్తి, డిండి మీదికెళ్లి శ్రీశైలం పోయే 765 నంబరు హైవే మన్ననూరు దాటినంక అమ్రాబాద్ పెద్దపులుల అడవిల పడతది, 2,600 చదరపు కిలోమీటర్ల పైన ఉన్న అడవి అది, చెంచుల పెంటలు అంటే వాళ్ల గూడేలు ఉన్నది గూడ అందులనే. రాత్రి 9 గంటల నుంచి పొద్దుగాల 6 దాక బండ్లు పోనియ్యరు. అక్కడ రోడ్డు పెద్దగ చేసుడు కంటె పైకి లేపి పిల్లర్ల మీద వేద్దామన్న ప్రతిపాదన ఉన్నది, మన్ననూరు నుంచి శ్రీశైలం దాక 60 కిలోమీటర్ల పైన. ఇది కుదిరే పనేనా అంటే, మన జడ్చర్ల మీదికెళ్లి పోయే 44వ నంబరు హైవేనే పైకి పోతే నాగ్‌పూర్ అవతల పెంచ్ అడవిల జంతువుల కోసం రోడ్డు కింద తొవ్వలు కట్టిన్రు, తొమ్మిది, 50 మీటర్ల నుంచి 750 మీటర్ల దాక పొడుగున్నయి. డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూటోళ్లు కెమెరాలు పెట్టి చూస్తే 18 రకాల జంతువులు ఆ కిందికెళ్లే పోతున్నయి, 11 పులులు గూడ. అంటే జంతువు తొవ్వ ఏదో తెలుసుకొని కడితే అది వాడుకుంటది. కానీ పిల్లర్లు లేపే ఆ కొన్నేండ్లు క్రేన్లు, లారీలు, కాంక్రీటు ప్లాంట్లు, లైట్లు అడవి నడుమ ఉంటయి గదా, ఆ లెక్క గూడ ముందర పెట్టాలె. శ్రీశైలం మల్లన్న కాడికి ఇంకో గంట ఆలస్యంగ పోయినా నాకైతే తప్పేం లేదనిపిస్తది.

మళ్ల నీళ్ల కాడికే వస్తున్న, ఏమనుకోకండి, నా ప్రాణం అక్కడ్నే ఉన్నది. 2020 అక్టోబర్ల శంషాబాద్ పక్కన గగన్‌పహాడ్ కాడ అప్పచెరువు తెగి 44వ నంబరు హైవే మీద పారింది, రోడ్డు కోసుకపోయింది, మనుషులు పోయిన్రు. 2024 సెప్టెంబర్ మొదట్ల మన నల్లగొండ, సూర్యాపేట మీదికెళ్లి విజయవాడ పోయే 65వ నంబరు రోడ్డు మీదికి మున్నేరు నీళ్లొచ్చి ఐతవరం కాడ బండ్లన్నీ ఆగిపోయినయి. రెండింటికి కారణాలు ఒక్కతీరు కావు, ఆక్రమణలున్నయి, వాన గూడ మామూలు వాన కాదు. అయినా రోడ్డును ఇంకింత పెద్దగ చేసేటప్పుడు నీళ్లకు ఎంత సందు ఇడుస్తున్నం అన్న ప్రశ్న ముందుగాల రావాలె. ఊరికి మంచిది చెరువుకు మంచిది రోడ్డుకు గూడ మంచిది ఈడ ఒక్కటే అయితది, నీళ్లు నిలవడ్డ కట్ట మీద తారు ఎన్ని దినాలుంటది?

మరి మనం అడగొచ్చునా అంటే, చట్టం కాడ కొంచెం తిరకాసు ఉన్నది. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టుకు ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాలె, 30 దినాల ముందు నోటీసియ్యాలె, నివేదిక సారాంశం మన భాషల గూడ ఉండాలె. కానీ 2013ల మార్పు చేసినంక, ఉన్న నేషనల్ హైవేను వెడల్పు చేస్తే అది 100 కిలోమీటర్లు దాటాలె, అదనంగ తీసుకునే జాగ ఉన్న రోడ్డు పొంటి 40 మీటర్లు, బైపాస్ కాడ 60 మీటర్లు దాటాలె, అప్పుడే ఆ పర్యావరణ అనుమతి కావాలె. మన జిల్లాలల్ల ఒక ఊరికీ ఇంకో ఊరికీ నడుమ వచ్చే పని చాలామటుకు ఈ లెక్కలకు లోపల్నే ఉంటది, ఇగ మీటింగే ఉండదు. నాకు ఇది సరైంది అనిపిస్తలేదు. నీళ్లు ఆగేటందుకు 100 కిలోమీటర్ల రోడ్డు అక్కర్లేదు, ఒక్క మోరీ తప్పు పెడితే చాలు.

మిగిలింది 1956 నేషనల్ హైవేస్ చట్టం. భూమి తీసుకుంటమని సర్కారు గెజిట్ల ప్రకటన వచ్చినంక 21 దినాల లోపల అభ్యంతరం రాసియ్యొచ్చు, ఆ భూమితో సంబంధమున్నోళ్లు. చాలామంది ఆ కాయితంల నాకు ఎకరానికి ఇంత కావాలె అని ఒక్కటే రాస్తరు. పైసలు అడగాలె, తప్పకుండ అడగాలె, కానీ పైసల లెక్క తర్వాత గూడ తేలుతది, ఆర్బిట్రేషన్ అంటే మధ్యవర్తి కాడ తేల్చుకునుడు ఉన్నది. గీత జరిపించుకోవాలన్నా మోరీ పెట్టించుకోవాలన్నా ఇదే టైం. ఆ కాయితంల సర్వే నంబరు రాసి, ఫలానా కాలువ ఈడికెళ్లి పారి ఫలానా కుంటల పడతది, మోరీ ఈడ్నే, ఇంత వెడల్పుతోని కావాలె అని రాయండి, ఒక నక్ష గీసి జత పెట్టండి, గ్రామపంచాయతీ తీర్మానం చేసి అదొక కాపీ కలెక్టరాఫీసుల, ఇరిగేషన్ ఆఫీసుల గూడ ఇచ్చి రసీదు తెచ్చుకోండి. సర్వేకొచ్చిన సార్ల మీద కోపానికి పోకండి, వాళ్లకు మన ఒర్రెలు తెల్వవు, చాయ్ తాపి ఎంట తీసుకపోయి చూపెట్టండి, వింటరు, నేను విన్నోళ్లను గూడ చూసిన.

ఇంకొక్క పని. రేపు వాన దంచి కొట్టినప్పుడు, మీ ఊరి ఒర్రె నిండ పారేటప్పుడు, గొడుగు పట్టుకొని ఫోన్ తీసుకొని పోండి. నీళ్లు ఏడికెళ్లి వస్తున్నయి, రోడ్డును ఏడ దాటుతున్నయి, మోకాళ్లంతనా నడుముకాడికా, అంతా వీడియో తియ్యండి, పక్కకు ఒక కరెంటు స్తంభమో గుడో కనబడాలె, జాగ గుర్తుండేటందుకు. ఊర్ల ముసలోళ్లు ఎవలన్న ఉంటే వాళ్ల చేత చెప్పించుకుంట తియ్యండి. మా నీరటి తాత పోయి ఆరేండ్లయింది, ఆయన చూపెడుతనన్న కాలువను నేను అప్పుడు వీడియో తియ్యలేదు.