కూలి రేటు ఎవరు పెంచారు?

అందరికీ నమస్కారం.

ఉపాధి హామీ గురించి పేపర్లో ఏ వార్త వచ్చినా ఒకటే లెక్క ఉంటుంది, ఇన్ని కోట్లు ఖర్చు, ఇన్ని పనిదినాలు అని. అసలు సంగతి ఆ లెక్కలో సగం కూడా కనబడదు, ఇవాళ నేను దాని గురించే మాట్లాడతాను.

మా అమ్మ కలుపుకు వెళ్లిన రోజులు నాకు బాగా గుర్తు. రేటెంతో ముందురోజు సాయంత్రమే ఆసామి చెప్పేవాడు. ఎవరూ బేరమాడేవాళ్లు కాదు, ఎందుకంటే ఊళ్లో పని చెప్పే ఇళ్లు నాలుగో ఐదో, ఒకరి దగ్గర కాదనుకుంటే పక్కవాళ్ల దగ్గరా అదే రేటు. అదే చేలో మగవాళ్లకు ఎక్కువ, ఆడవాళ్లకు తక్కువ. ఎందుకని అడిగినవాళ్లు కూడా లేరు.

2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది, 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో పథకం మొదలైంది. ఆ చట్టం ప్రకారం గ్రామాల్లో కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని, ఆడా మగా ఒకే రేటు, అడిగిన 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి. చాలా ఊళ్లలో దీన్ని కరువు పని అనే పిలిచారు. 100 రోజులూ నిండిన ఇళ్లు తక్కువే, అది ఒప్పుకోవాలి. కానీ "నీ రేటు నాకు గిట్టదు, నేను ఉపాధి పనికి పోతా" అనే మాట కూలీ నోట రావడానికి 100 రోజులూ నిండక్కర్లేదు కదా, ఆ పని ఉందన్న ధీమా చాలు.

ఇది నా ఊహ కాదు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 157 మండలాల్లో దీన్ని పరిశీలించారు. వేలిముద్రతో ఉపాధి కూలి డబ్బు ఇచ్చే స్మార్ట్ కార్డులు ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు కాబట్టి ఉపాధి డబ్బు సరిగా అందిన చోటునీ, ఇంకా సరిగా అందని చోటునీ పోల్చడం కుదిరింది. కార్డులు ముందొచ్చిన చోట జాబ్ కార్డున్న కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది, ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పని నుంచి వచ్చింది కాదు, బయటి పనుల నుంచి వచ్చింది! బయట కూలి పెరిగింది, పని కూడా తగ్గలేదు, పెరిగింది.

కూలి పెంచితే పని తగ్గుతుందని మనం కాలేజీలో చదువుకున్నాం. మరి ఇక్కడ ఎందుకలా జరగలేదు? పని ఇచ్చేవాళ్లు కొద్దిమందే అయినప్పుడు, ఇంకో ఇద్దర్ని పిలవాలంటే అందరికీ రేటు పెంచాలి కాబట్టి వాళ్లు తక్కువమందితోనే సరిపెట్టుకుంటారు. రేటు ఎలాగూ పెంచాల్సి వచ్చాక ఆ ఇద్దర్ని ఆపే కారణం పోతుంది. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న చోటే పని ఎక్కువ పెరిగిందని వాళ్ల పరిశోధనలో తేలింది, నాకైతే మా ఊరే కళ్లముందు కనబడింది.

రెండెకరాల రైతు బాధ కూడా నిజమే, నేను కాదనను. కూలి పెరిగినంత వేగంగా అతని పంట ధర పెరగలేదు. కానీ మన దగ్గర ఉపాధి పనులు ఎక్కువగా జరిగేది ఎండాకాలంలో, పొలం పని లేనప్పుడు. అతనికి గిట్టుబాటు ధర కావాలి, దానికోసం అతనితో కలిసి నేనూ అడుగుతాను, అంతేగానీ కలుపు తీసే మనిషి కూలి తగ్గించి అతన్ని నిలబెట్టలేం.

ఇంకొక్క మాట. ఆ స్మార్ట్ కార్డుల వల్ల ఉపాధి కూలి రేటు ఒక్క రూపాయి కూడా పెరగలేదు. డబ్బు త్వరగా చేతికందింది, మధ్యలో తినేది తగ్గింది, అంతే. దాన్ని తిరగేసి చూడండి. మస్టర్‌లో, అంటే హాజరు పట్టీలో పేరు పడి, కొలతలు తీసి, నెలైనా అకౌంట్లో డబ్బు పడకపోతే కిరాణా కొట్లో బాకీ ఆగదు. ఆ కూలీ ఆవిడ మళ్లీ ఆసామి దగ్గరికే వెళ్తుంది. ఈసారి రేటెంతని అడగదు.