మీ కారుకు రీకాల్ ఉందా? ఛాసిస్ నంబరుతో వెతికే పద్ధతి

(తెరపై: ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి ఉంది. కార్పెట్‌లోని చిన్న మూతను ఒక చెయ్యి పైకెత్తుతోంది. కింద రేకు మీద చెక్కిన నంబరుపై టార్చి వెలుగు పడుతోంది.)

నమస్కారం. ఈ నంబరును చాలామంది కారు యజమానులు ఒక్కసారి కూడా చూసి ఉండరు. కారును మరొకరి పేరుకు మార్చేటప్పుడు ఏజెంటు దీనిమీద కాగితం పెట్టి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకుంటాడు. ఆ తరువాత ఈ మూతను తెరిచే అవసరం ఎవరికీ రాదు. అయితే మీ కారులో ఒక భాగం లోపంతో తయారైందని కంపెనీ గుర్తించి, ఉచితంగా సరిచేయడానికి వెనక్కి పిలిచిన రోజున (దీన్నే రీకాల్ అంటారు), ఆ కంపెనీ మీ బండిని పోల్చుకునేది నంబరు ప్లేటును బట్టి కాదు, ఈ ఛాసిస్ నంబరును బట్టే.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. కొన్నేళ్ళ క్రితం నేనొక సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. తెలిసిన మెకానిక్‌ను వెంట తీసుకువెళ్ళి ఇంజిన్ చప్పుడు వినిపించాను, టైర్లు చూపించాను, ఇన్సూరెన్సు కాగితాలు, చలాన్లు అన్నీ సరిచూసుకున్నాను. ఎనిమిది నెలల తరువాత సర్వీసుకు ఇచ్చినప్పుడు, సర్వీస్ అడ్వైజర్ కంప్యూటర్‌లో ఛాసిస్ నంబరు కొట్టి, "సార్, దీనికి రీకాల్ పెండింగ్‌లో ఉంది, మీకు మెసేజ్ రాలేదా?" అని అడిగారు. మెసేజ్ వచ్చింది కానీ నాకు కాదు, మొదటి యజమాని ఫోనుకు. ఆయన కారు అమ్మేశాడు కనుక దాన్ని పట్టించుకోలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు. కంపెనీ దగ్గర ఉన్నది ఆయన చిరునామా, ఆయన ఫోను నంబరే కదా.

(తెరపై: ఆర్సీ కార్డు. "ఛాసిస్ నంబరు", "తయారైన నెల, సంవత్సరం" అనే రెండు వరుసలు మాత్రమే స్పష్టంగా, మిగిలినవి మసకగా.)

కాబట్టి మొదట ఈ నంబరును సరిగా రాసుకుందాం. ఇది ఆర్సీలో ఉంటుంది, కొన్నప్పటి ఇన్‌వాయిస్‌లో ఉంటుంది, ఇన్సూరెన్సు పాలసీలో కూడా ఉంటుంది. ఎంపరివాహన్‌లోనో డిజిలాకర్‌లోనో మీ ఆర్సీని చేర్చుకుని ఉంటే అక్కడా చూడవచ్చు. బండి మీద చూడాలంటే ముందు సీటు కింద, బానెట్ తెరిస్తే ఇంజిన్ వెనక గోడ మీద, లేదా తలుపు తీస్తే కనిపించే స్తంభం మీది స్టిక్కర్‌పై వెతకాలి. మోడల్‌ను బట్టి చోటు మారుతుంది. మొత్తం 17 అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఇంగ్లిషు అక్షరాలలో ఐ, ఓ, క్యూ అనే మూడింటిని ఇందులో అసలు వాడరు, ఎందుకంటే అవి ఒకటిలాగా, సున్నాలాగా కనబడి పొరపాటుకు దారితీస్తాయి. నేను మొదటిసారి వెతికినప్పుడు సున్నాకు బదులు "ఓ" కొట్టి, వివరాలు లేవని సమాధానం రాగానే నా కారుకు ఏ సమస్యా లేదనుకుని సంతోషించాను. వివరాలు దొరకలేదనడం వేరు, రీకాల్ లేదనడం వేరు. ఆ రెండు సమాధానాలూ తెరమీద ఒకేలా కనిపించవచ్చు కాబట్టి నంబరును రెండోసారి సరిచూసుకోండి.

మొదటి మూడు అక్షరాలు తయారీదారును చెబుతాయి. మారుతీ సుజుకీ కార్లకు ఎంఏ3, టాటా వాటికి ఎంఏటీ, హ్యుందాయ్ వాటికి ఎంఏఎల్ సాధారణంగా కనిపిస్తాయి.

ఛాసిస్ నంబరుతో పాటు కారు తయారైన నెల కూడా రాసుకోండి. రిజిస్ట్రేషన్ తేదీ ఇక్కడ పనికిరాదు. డిసెంబరులో ఫ్యాక్టరీ నుంచి బయటపడిన కారు మార్చిలో రిజిస్టరు కావచ్చు. రీకాల్ ప్రకటనలు ఎప్పుడూ తయారీ తేదీలనే చెబుతాయి.

(తెరపై: 2020, 2021, 2023 అనే మూడు సంవత్సరాలు, వాటి కింద కార్ల సంఖ్యలు.)

ఉదాహరణకు 2020 జూలైలో మారుతీ సుజుకీ 1,34,885 కార్లను వెనక్కి పిలిచింది. వాటిలో 56,663 వ్యాగన్ఆర్‌లు, 78,222 బలేనోలు. అనుమానం ఇంధన పంపు మీద. ఆ వ్యాగన్ఆర్‌లు 2018 నవంబరు 15కూ 2019 అక్టోబరు 15కూ మధ్య తయారైనవి. అంటే పక్కపక్క ఇళ్ళలో ఒకే రంగు, ఒకే మోడల్ బళ్ళు రెండు ఉన్నా, ఒకదానికి రీకాల్ వర్తించి రెండోదానికి వర్తించకపోవచ్చు. అందుకే "మా బావగారి కారుకు లేదన్నారు, మాకూ ఉండదు" అనే లెక్క ఇక్కడ చెల్లదు.

2021 సెప్టెంబరులో అదే కంపెనీ సియాజ్, ఎర్టిగా, విటారా బ్రెజా, ఎస్-క్రాస్, ఎక్స్ఎల్6 పెట్రోలు కార్లు 1,81,754ను మోటార్ జనరేటర్ యూనిట్ (కరెంటు తయారుచేస్తూ ఇంజిన్‌కు తోడ్పడే భాగం) పరిశీలన కోసం పిలిచింది. విడిభాగాల మార్పిడి నవంబరులో గానీ మొదలు కాదని చెబుతూ, అంతవరకు నీళ్ళు నిలిచిన చోట్ల నడపవద్దనీ, విద్యుత్ భాగాలపై నేరుగా నీళ్ళు చిమ్మించవద్దనీ యజమానులకు సూచించింది. మన దగ్గర సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రోడ్లు ఎలా ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. 2023 జనవరిలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం 17,362 కార్లను పిలిచినప్పుడైతే, ఆ భాగం మార్చేవరకు బండిని అసలు నడపవద్దనే సలహా ఇచ్చింది. కాబట్టి ప్రకటనలో ఏ భాగం పేరుందో చూసి ఆగిపోకండి. మరమ్మతు జరిగేలోపు ఏం చేయాలో చెప్పే వాక్యం కోసం చివరిదాకా చదవండి. చాలా వార్తల్లో ఆ వాక్యమే ఎగిరిపోతుంది.

ఇక వెతికే చోటు. మొదట కంపెనీ సొంత వెబ్‌సైటుకు వెళ్ళండి. మారుతీ ప్రకటనలు వినియోగదారుల ముఖ్య సమాచారం అనే విభాగంలో ఎంఏ3 తరువాతి 14 అక్షరాలను కొట్టి చూసుకోమంటాయి. ఇతర కంపెనీల సైట్లలో ఈ పేజీ సర్వీస్ విభాగంలోనో, పేజీ అట్టడుగున చిన్న అక్షరాలలోనో ఉంటుంది. కొత్త మోడల్ ప్రకటన మొదటి పేజీ నిండా ఉండి, రీకాల్ లింకు మాత్రం భూతద్దం పెట్టి చూస్తే గాని కనబడకపోవడం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది. దొరకకపోతే కస్టమర్ కేర్‌కు ఫోను చేసి ఛాసిస్ నంబరు చెప్పండి. "రీకాల్ ఉందా" అని మాత్రమే కాకుండా, "సర్వీస్ క్యాంపెయిన్ ఏదైనా పెండింగ్‌లో ఉందా" అని కూడా అడగండి. భద్రతకు సంబంధం లేని లోపాలను కంపెనీలు రీకాల్ అనకుండా, సర్వీస్ క్యాంపెయిన్ పేరుతో, బండి సర్వీసుకు వచ్చినప్పుడు ఉచితంగా సరిచేస్తుంటాయి. బయటి మెకానిక్ దగ్గరే సర్వీసు చేయించుకునేవారికి అది తెలిసే అవకాశమే లేదు.

మన దేశంలో వాహన తయారీదారుల సంఘమైన సియామ్ 2012లో స్వచ్ఛంద రీకాల్ నియమావళిని తెచ్చింది. పేరులోనే ఉన్నట్టు అది కంపెనీల ఇష్టం. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 110ఎ అనే సెక్షన్ చేర్చిన తరువాత, రీకాల్‌కు ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది. ఆ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ఏడేళ్ళ లోపు వాహనాల విషయంలో, ప్రభుత్వం ఆదేశించి పిలిపించాల్సి వస్తే కంపెనీకి కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. యజమానులు తమ కారులోని లోపం గురించి వాహన్ పోర్టల్‌లో నేరుగా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఒక మోడల్‌పై వచ్చే ఫిర్యాదుల సంఖ్యను బట్టే విచారణ మొదలవుతుంది కాబట్టి, వాట్సాప్ గ్రూపులో పెట్టిన ఆవేదనకంటే అక్కడ నింపిన ఒక్క ఫారానికి విలువ ఎక్కువ.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఈ పని చాలా తేలిక. అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ, ఎన్‌హెచ్‌టీఎస్ఏ, తన వెబ్‌సైటులో 17 అక్షరాల నంబరు కొడితే ఇంకా మరమ్మతు జరగని రీకాల్స్‌ను చూపిస్తుంది. అదే సైటులో, కంపెనీలు తమ డీలర్లకు పంపే సాంకేతిక సర్వీస్ బులెటిన్లు కూడా దొరుకుతాయి. ఫలానా మోడల్‌లో ఫలానా చప్పుడు వస్తే ఏ భాగం చూడాలో, ఏ పద్ధతిలో విప్పాలో చెప్పే పత్రాలవి. ఇండియాలో అమ్మిన కారుకు ఆ బులెటిన్ యథాతథంగా వర్తించదు. ఇంజిన్, విడిభాగాలు వేరు కావచ్చు.

(తెరపై: స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కు తగిలించిన చిన్న స్కానర్. ఫోను తెరమీద "పీ0171".)

ఇప్పుడు మరమ్మతు సమాచారం సంగతి. కారుతో వచ్చే ఓనర్స్ మాన్యువల్ పోయినా కంపెనీ సైటులో పీడీఎఫ్‌గా దొరుకుతుంది. ఆయిల్ గ్రేడు, టైరు గాలి, ఫ్యూజుల పట్టిక, సర్వీసు గడువులు అందులో ఉంటాయి. బోల్టును ఎంత బలంతో బిగించాలో, వైరింగ్ ఎలా వెళుతుందో చెప్పే వర్క్‌షాప్ మాన్యువల్ వేరు. అమెరికాలో, 2012లో మసాచుసెట్స్ రాష్ట్రంలో వచ్చిన మరమ్మతు హక్కు చట్టం, దానిని దేశమంతటికీ విస్తరించిన 2014 ఒప్పందం పుణ్యమా అని, ఆ మాన్యువల్‌ను ఎవరైనా డబ్బు కట్టి చదవవచ్చు. టొయోటా అయితే రెండు రోజులకు కూడా చందా ఇస్తుంది. మన దగ్గర ఆ తలుపు ఇంకా సగమే తెరుచుకుంది. బయటి మెకానిక్‌లకు విడిభాగాలు, పరీక్షా పరికరాలు అందకుండా చేస్తున్నాయంటూ 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీ సక్రమంగా సాగేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. ఆ వ్యవహారం అప్పీళ్లకు వెళ్ళింది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్‌ను ప్రారంభించింది. అందులో వాహన రంగం కూడా ఉంది. మీ కంపెనీ అక్కడ ఏం పెట్టిందో ఒకసారి చూడటం మంచిది.

తెరమీద ఉన్న ఈ కోడ్‌ను చూడండి. బండిలోని కంప్యూటర్ తాను గుర్తించిన లోపానికి పెట్టే గుర్తు ఇది. స్కానర్ పీ0171 అని చూపితే, ఇంజిన్‌కు చేరే గాలితో పోలిస్తే పెట్రోలు తక్కువగా ఉందని అర్థం. ఎందుకు తక్కువగా ఉందో మాత్రం ఆ కోడ్ చెప్పదు. ఎక్కడో గొట్టం పగిలి గాలి లోపలికి చొరబడుతూ ఉండవచ్చు, గాలిని కొలిచే సెన్సర్‌కు మురికి పట్టి ఉండవచ్చు, ఇంధన పంపు బలహీనపడి ఉండవచ్చు. ఇందాక చెప్పిన పంపు రీకాల్‌లో ఉన్న కారుకే ఈ కోడ్ వచ్చిందనుకోండి. ఛాసిస్ నంబరు చూడని మెకానిక్ ముందు సెన్సర్ మారుస్తాడు, తగ్గకపోతే ఇంకొకటి మారుస్తాడు. అతని పని చెడ్డదని కాదు, అతని చేతిలో ఉన్న సమాచారం అంతే. కంపెనీ ఉచితంగా మార్చవలసిన భాగానికి మీరు మాత్రం డబ్బు కడతారు. అందువల్ల కోడ్ రాగానే ముందు రీకాల్ చూసి, ఆ తరువాతే జేబులో చెయ్యి పెట్టండి.

మీ కారుకు రీకాల్ ఉందని తేలితే, దగ్గర్లోని ఏ అధీకృత సర్వీస్ సెంటరైనా ఆ పని చేయాలి. కొన్న షోరూముకే వెళ్ళనక్కరలేదు, మొదటి యజమాని మీరు కాకపోయినా ఫరవాలేదు, వారంటీ అయిపోయినా ఫరవాలేదు. పరిశీలనకూ, లోపం తేలితే భాగం మార్చడానికీ డబ్బు తీసుకోరు. వెళ్ళేముందు ఫోను చేసి ఆ విడిభాగం వచ్చిందో లేదో కనుక్కోండి, లేకపోతే పూట వృథా అవుతుంది. అక్కడ ఉండగానే మీ పేరు, ఫోను నంబరు కంపెనీ రికార్డులలోకి ఎక్కించమని అడగండి, తరువాతి మెసేజ్ మీకే వస్తుంది. రీకాల్ పనితోపాటు ఆయిల్ మార్పో, వాషింగో అంటగట్టబోతే, రెండింటికీ వేర్వేరు జాబ్ కార్డులు (బండికి చేసే పనులు రాసే కాగితాలు) తెరవమనండి. ఉచితంగా చేయవలసిన పనికి బిల్లు వేస్తామంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. వినకపోతే 1915కు ఫోను చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

(తెరపై: జాబ్ కార్డు. రీకాల్ పని రాసిన వరుస కింద వేలు కదులుతోంది.)

పని పూర్తయ్యాక జాబ్ కార్డులో రీకాల్ పేరు, మార్చిన భాగం, తేదీ రాశారో లేదో చూసి, కాపీ తీసుకుని ఆర్సీతో కలిపి దాచండి. నా కారు జాబ్ కార్డు డ్యాష్‌బోర్డు పెట్టెలోనే ఉండేది. కిందటేడు ఆ కారు అమ్మినప్పుడు, తాళంచెవులతో పాటు దాన్ని కూడా కొన్నాయన చేతికిచ్చాను.