ఆయాసంతో వచ్చిన రోగికి అల్ట్రాసౌండ్ ప్రోబ్ ముందు ఎక్కడ పెట్టాలి?

అందరికీ నమస్కారం. ఎగశ్వాసతో క్యాజువాలిటీకి వచ్చిన రోగిది గుండె వైఫల్యమా, సీఓపీడీనా (శ్వాసనాళాలు ఇరుకయ్యే దీర్ఘకాలిక జబ్బు), న్యుమోనియానా అన్నది స్టెతస్కోపుతో తేలడం కష్టం. గుండె వైఫల్యంలోనూ పిల్లికూతలు వినిపిస్తాయి. ఎక్స్‌రే దాదాపు మామూలుగా ఉన్నా ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఉండొచ్చు. అందుకే ప్రోబ్ ముందు గుండె మీద కాదు, ఊపిరితిత్తుల మీద పెట్టండి.

ప్రోబ్ రకాల్లో కర్విలీనియర్ గానీ ఫేజ్డ్ అర్రే గానీ సరిపోతుంది. రోగిని బలవంతంగా పడుకోబెట్టొద్దు, వెన్ను 45 డిగ్రీలు ఎత్తి ఉంచితే చాలు. ఛాతీకి ఒక్కో వైపు నాలుగు చోట్ల చూడాలి: ముందు భాగంలో పైన, కింద, పక్క భాగంలో పైన, కింద. రెండు పక్కటెముకల నీడల మధ్య మెరిసే అడ్డగీతే ప్లూరా, అంటే ఊపిరితిత్తి పైపొర. అక్కణ్ణుంచి మొదలై, తెర అడుగుదాకా మసకబారకుండా దిగి, ఊపిరితోపాటు కదిలే నిలువు గీతలు బి-లైన్లు. ఒక సందులో మూడు లేదా అంతకన్నా ఎక్కువుంటే ఆ చోటు పాజిటివ్. రెండు వైపులా కనీసం రెండేసి చోట్లు పాజిటివ్ అయితే పల్మనరీ ఎడీమాను (ఊపిరితిత్తుల్లో నీరు చేరడాన్ని) గట్టిగా అనుమానించాలి.

ఎక్కువ పొరపాట్లు జరిగేది మిషన్ సెట్టింగుల దగ్గరే. బి-లైన్ అన్నదే ఒక ఆర్టిఫాక్ట్, అంటే అసలు అవయవం కాదు, అల్ట్రాసౌండ్ బొమ్మలో మాత్రమే పుట్టే గీత. బొమ్మను నునుపు చేసే కాంపౌండ్ ఇమేజింగ్, హార్మోనిక్స్ దాన్ని చెరిపేస్తాయి. మిషన్‌లో లంగ్ ప్రీసెట్ (ఊపిరితిత్తుల కోసం ముందే అమర్చిన సెట్టింగ్) లేకపోతే ఆ రెండూ ఆపేయండి. లోతు 15 సెంటీమీటర్ల కన్నా తగ్గించకండి. తగ్గిస్తే మధ్యలోనే ఆగిపోయే పొట్టి తోకలు కూడా బి-లైన్లుగా లెక్కలోకి వచ్చేస్తాయి. ప్రోబ్ ఏటవాలుగా ఉంటే అసలైనవీ కనబడవు. ప్లూరా గీత తళుక్కుమనేదాకా ప్రోబ్‌ను కొద్దికొద్దిగా అటూ ఇటూ వంచండి, లెక్క ఆ తర్వాతే.

బి-లైన్లు కనిపించగానే ఫ్రూసెమైడ్ (ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే మందు) ఎక్కించడం సరికాదు. ఒకే వైపు, ఒకే చోట గుంపుగా ఉంటే న్యుమోనియా కావచ్చు. ప్లూరా గీత ఎగుడుదిగుడుగా ఉండి, దాని కింద చిన్న చిన్న గట్టిపడిన ముక్కలు, మధ్యమధ్య శుభ్రమైన చోట్లు కనిపిస్తే ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు హఠాత్తుగా తీవ్రంగా దెబ్బతినే స్థితి) గురించి ఆలోచించండి. ఫైబ్రోసిస్‌లో (ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడే జబ్బులో) రోగం నెమ్మదించిన రోజున కూడా బి-లైన్లుంటాయి, పాత రికార్డులు అడగండి.

ఇక గుండె. పారాస్టెర్నల్ లాంగ్ యాక్సిస్‌లో (రొమ్ము ఎముక పక్కనుంచి గుండెను నిలువుగా చూసే కోణంలో) మైట్రల్ కవాటం ముందు రెక్క జఠరికల మధ్య గోడకు ఎంత దగ్గరగా వస్తోందో చూడండి. ఆ ఎడం 7 మిల్లీమీటర్లు దాటితే ఎడమ జఠరిక బలహీనపడి ఉండొచ్చు, అయితే మైట్రల్ స్టెనోసిస్ (ఆ కవాటం ఇరుకవడం), అయోర్టిక్ కవాటం లీకు ఉన్నవాళ్లలో ఈ కొలతను నమ్మలేం. జఠరిక బాగా ముడుచుకుంటున్నంత మాత్రాన గుండె వైఫల్యం లేదనకండి, ఎజెక్షన్ ఫ్రాక్షన్ (ప్రతి స్పందనలో జఠరిక బయటికి నెట్టే రక్తపు శాతం) తగ్గని రకం కూడా ఉంది. అదే చూపులో గుండె చుట్టూ నీరుందేమో, కుడి జఠరిక ఉబ్బిందేమో గమనించండి.

చివరగా ఐవీసీ, అంటే ఒంటి కింది భాగం నుంచి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర. కుడి కర్ణిక నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో కొలవాలి. 2.1 సెంటీమీటర్లు దాటి, ముక్కుతో గట్టిగా పీల్చినా సగం కూడా కుదించుకోకపోతే కుడి వైపు పీడనం ఎక్కువన్నమాట. పల్మనరీ ఎంబాలిజంలో (ఊపిరితిత్తుల రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం), టాంపొనేడ్‌లో (గుండె చుట్టూ చేరిన నీరు దాన్ని నొక్కేయడం) కూడా ఇలాగే ఉంటుంది, కనుక దీన్నొక్కదాన్నే పట్టుకుని రోగనిర్ధారణ చేయకండి.

చికిత్స మొదలుపెట్టాక కొన్ని గంటల్లోనే బి-లైన్లు తగ్గుతాయి. మళ్లీ చూసేటప్పుడు అవే చోట్లు, అదే భంగిమ, అదే లోతు ఉంచండి. రోగి ఎంత ఎత్తులో కూర్చున్నాడో కేస్‌షీట్‌లో రాసిపెడితే తర్వాతి షిఫ్ట్ డాక్టరుకు పోల్చుకోవడం కుదురుతుంది.