ఇల్లు ఇచ్చాం సరే, ఫలితం ఎంతని చెప్పాలి?

(చెన్నైలో తెలుగు న్యాయవాదులు, సోషల్ వర్క్ విద్యార్థులు, స్వచ్ఛంద కార్యకర్తల కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పుళల్ జైలు గేటు దాటి జీఎన్‌టీ రోడ్డు మీదికొస్తే మాధవరం బస్టాండు మరీ దూరం కాదు. ఊళ్ళో మనిషి ఉన్నవాడు అక్కడ నెల్లూరు బస్సో తిరుపతి బస్సో ఎక్కేస్తాడు. బిల్డింగు పనికొచ్చి సైటులోనే పడుకుంటూ బతికినవాడు, ఇంటితో తెగతెంపులైనవాడు, మానసిక జబ్బుకు మందులు మానేసినవాడు ఏ బస్సూ ఎక్కలేక నగరంలోనే తేలతాడు. అలాంటి మనిషికి ఒక గది ఇచ్చి, వాయిదాలకూ మందులకూ పనికీ వెంట నిలిచే కార్యకర్తనూ ఇవ్వడాన్ని సపోర్టివ్ హౌసింగ్ అంటున్నారు. ఆ ఇల్లు ఎలా నడపాలో ఇవాళ మాట్లాడటం లేదు. నడిపాక అది పని చేసిందో లేదో ఎలా తేల్చాలన్నదే మన విషయం.

"20 మందిని పెట్టాం, ఏడాదిలో ఇద్దరే తిరిగి జైలుకెళ్ళారు." ఇలాంటి నివేదికల మొదటి పేజీలో కనబడే వాక్యం ఇది. వినసొంపుగా ఉంటుంది గానీ దీన్నిబట్టి ఏమీ తేలదు. ఆ 20 మందిని ఎవరు ఎంచారు? గొడవ చేయడనిపించినవాణ్ణి, తాగుడు లేనివాణ్ణి, వార్డరు మంచివాడని చెప్పినవాణ్ణి ఏరి తెచ్చుకుంటే వాళ్ళలో చాలామంది మన ఇల్లు లేకపోయినా తిరిగి వెళ్ళేవారు కాదు. మన ఇల్లు లేకుంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు జవాబు లేని లెక్క మూల్యాంకనం అనిపించుకోదు.

ముందు ఏడాదినీ తర్వాతి ఏడాదినీ పోల్చడం ఇంకా మోసం. జైలు నుంచి వస్తున్నవాళ్ళనే ఎంచుకున్నాం గనక ముందు ఏడాది జైలు రోజులు ఉండే తీరతాయి. అవి లేనివాడు మన జాబితాలోకే రాడు. మనిషి పరిస్థితి బాగా దిగజారిన చోట కొలవడం మొదలుపెడితే, మనం ఏమీ చేయకపోయినా తర్వాతి కొలత కొంత మెరుగ్గానే వస్తుంది. జ్వరం 104కి చేరినప్పుడే డాక్టరు దగ్గరికి పరిగెత్తుతాం, మర్నాడు అదే దిగినా పేరు మాత్రం ఆయనిచ్చిన మాత్రకే.

దీన్ని సరిగ్గా పట్టుకున్న ఉదాహరణ అమెరికాలోని డెన్వర్‌ది. 2016లో అక్కడ మొదలైన పథకంలో అర్హత షరతును పోలీసు రికార్డుల నుంచే తీశారు. మూడేళ్ళలో కనీసం 8 అరెస్టులు ఉండాలి, చివరిసారి అరెస్టయినప్పుడు ఉండటానికి చోటు లేకపోయి ఉండాలి. ఇళ్ళు తక్కువ, అర్హులు ఎక్కువ కాబట్టి లాటరీ తీశారు. 724 మందిలో 363 మందికి ఇంటి అవకాశం దక్కింది, 361 మందికి మామూలుగా దొరికే సేవలే. అర్బన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థవాళ్ళు రెండు గుంపులనూ మూడేళ్ళు గమనించారు. ఇంటి గుంపులో అరెస్టులు 40 శాతం, జైల్లో గడిపిన రోజులు 27 శాతం తక్కువ. ఇంట్లో చేరినవాళ్ళలో మూడేళ్ళ తర్వాత కూడా 77 శాతం మంది నిలబడ్డారు. ముందు-తర్వాత లెక్కలు ఊరించే అంకెల పక్కన 27 చిన్నగానే కనిపిస్తుంది. అయినా నమ్మాల్సింది దాన్నే.

లాటరీ కుదరని చోట న్యూయార్క్ ఎఫ్‌యూఎస్ఈ అనే, జైలుకూ షెల్టర్‌కూ మధ్య తిరిగేవాళ్ళకు ఇళ్ళిచ్చే పథకంలో చేసినట్టు సరిజోడు చూడాలి. ఇల్లు దక్కిన 72 మందికి వయసు, జైలు చరిత్ర, షెల్టర్ చరిత్ర, జబ్బు వంటివి కలిసేలా ఇల్లు దక్కని 89 మందిని పక్కన పెట్టి చూశారు. ఏడాదికి శాశ్వత నివాసంలో ఉన్నవాళ్ళు ఒకవైపు 91 శాతం, మరోవైపు 28 శాతం. రెండేళ్ళకు 86, 42. ఇక్కడ ఆగి చూడండి. ఏడాదికి 63 పాయింట్లున్న తేడా రెండేళ్ళకు 44కి దిగింది. ఇల్లు ఇవ్వనివాళ్ళు కూడా ఏదో ఒక దారి వెతుక్కుంటారు గనక అలా దిగుతుంది. ఏడాదికే లెక్క మూసేసే నివేదికలు తమ ఘనతను ఎంత పెంచి చెప్పుకుంటున్నాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. దాతల గడువు 12 నెలలే అయినా, 24వ నెల కొలతకు డబ్బు మొదటే పక్కన పెట్టి ఉంచాలి.

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. పై రెండు పథకాల ప్రశ్నాపత్రాలను దించుకుని పుళల్‌లో వాడితే మొదటి ప్రశ్న దగ్గరే తప్పుతుంది. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నూటికి 76 మంది మీద నేరం ఇంకా రుజువే కాలేదు. అలాంటి మనిషి విషయంలో 'మళ్ళీ నేరం చేశాడా' అని అడగడం అన్యాయమే కాదు, తప్పు కొలత కూడా. అతను తిరిగి లోపలికి వెళ్ళే దారి చాలాసార్లు కొత్త నేరం కాదు. వాయిదాకు రాలేదు, నాన్‌బెయిలబుల్ వారెంటు పుట్టింది, పట్టుకుపోయారు. సమన్లు అందడానికి చిరునామా లేదు, తారీఖు గుర్తుచేసే ఫోను లేదు. కాబట్టి మన ఇంటి మొదటి ఫలితం వాయిదాల హాజరు. ఎన్ని వాయిదాలు పడ్డాయి, ఎన్నింటికి వెళ్ళాడు, ఎన్ని వారెంట్లు పుట్టాయి, ఎన్ని రీకాల్ (రద్దు) అయ్యాయి. ప్రతి కేసుకూ ఉండే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో కోర్టుల వెబ్‌సైటు ఈకోర్ట్స్‌లో కేసు చరిత్ర, తర్వాతి తారీఖు దొరుకుతాయి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కేసు ఆంధ్రాలో ఉండి మనిషి చెన్నైలో ఉన్నా ఇది పనికొస్తుంది.

అర్హుల జాబితా ఎక్కడ దొరుకుతుందన్నది తర్వాతి చిక్కు. 1978లో మోతీరామ్ కేసులో ఒక మేస్త్రీని 10,000 రూపాయల పూచీకత్తు అడిగి, అన్నదమ్ముడు ముందుకొస్తే అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. దూరప్రాంతంలో పట్టుబడ్డ ఆంధ్రుడో మలయాళీయో అక్కడ ఆస్తిపరుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాడని సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులోనే అడిగారు. ఈ సభలో ఉన్న లాయర్లకు ఆ ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదని వేరే చెప్పక్కర్లేదు. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, బెయిలు వచ్చిన తేదీని జైళ్ళ కంప్యూటర్ రికార్డు ఈ-ప్రిజన్స్‌లో ఎక్కించాలి. 7 రోజుల్లో విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలపాలి. బెయిలు వచ్చీ లోపలే ఉండిపోయినవాళ్ళ జాబితా ఇలా సిద్ధంగా దొరుకుతుంది. పేద ఖైదీల కోసం కేంద్ర హోంశాఖ 2023లో తెచ్చిన పథకం కింద విచారణ ఖైదీకి డబ్బు సాయం అందొచ్చు గనక బయటికి రావడమూ సాధ్యమే. ఆ జాబితాలో 'గత ఏడాదిలో కనీసం 30 రాత్రులు రోడ్డు మీదో, స్టేషన్‌లోనో, నైట్ షెల్టర్‌లోనో గడిపినవాళ్ళు' అనే ఒక్క షరతు పెట్టండి. షరతులు పెరిగేకొద్దీ 'మంచివాళ్ళను' ఏరుకునే దారులూ పెరుగుతాయి. శిక్ష పూర్తయి వచ్చేవాళ్ళను వేరే జాబితాగా ఉంచాలి. వాళ్ళ కొలతలు వేరు.

లాటరీని విడుదలకు ముందే తీయాలి. వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన 30,237 మందిని గమనించి 2007లో అచ్చయిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో మరణించే ప్రమాదం సాధారణ జనం కన్నా 12.7 రెట్లు ఉందని తేలింది. అక్కడ ప్రధాన కారణం మత్తుమందు మోతాదు మించడం, మన కారణాలు వేరు కావచ్చు. కానీ విడుదలైన పదో రోజున గది చేతికొచ్చే పథకం ఆ పది రోజులనూ తట్టుకున్నవాళ్ళనే కొలుస్తుంది. గేటు దగ్గర నుంచి గది తాళం దాకా ఎన్ని గంటలు పట్టిందో ఒక్కొక్కరికీ రాసి పెట్టుకోవాలి. పథకం ఎంత బాగా నడుస్తుందో చెప్పడానికి దీన్ని మించిన అంకె మరొకటి మాకు కనబడలేదు.

సమ్మతి విషయం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు ఖైదీలను ప్రత్యేక రక్షణ కావలసినవాళ్ళలో చేర్చాయి. ఎథిక్స్ కమిటీ ఆమోదం, జైళ్ళ శాఖ అనుమతి రెండూ కావాలి. సంతకం వార్డరు ఎదుట తీసుకోకూడదు, మాట్లాడేది ఆ మనిషి భాషలో. అధ్యయనానికి 'వద్దు' అన్నా లాటరీలో అతని పేరు ఉంటుందన్న మాట గట్టిగా చెప్పాలి. లేకపోతే అది సమ్మతి కాదు, బేరం.

ఎందరు కావాలి? పోలిక గుంపులో సగం మంది తిరిగి లోపలికి వెళ్తారనుకుందాం. ఇల్లు దాన్ని 35 శాతానికి దించుతుందని నమ్మకంగా చూపాలంటే ఒక్కో గుంపులో దాదాపు 170 మంది ఉండాలి. 20 మంచాల ఇంటికి అది జరిగే పని కాదు. 20 మందిలో 10 మంది నిలిచారంటే అసలు అంకె 30 నుంచి 70 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. చిన్న ఇల్లు నడిపేవాళ్ళు శాతాలు ప్రకటించడం మానేసి, నలుగురైదుగురు ఒకే కొలతలు వాడి లెక్కలు కలుపుకోవడం మేలు. ఒంటరిగా ఉన్నవాళ్ళు కనీసం వాయిదాల హాజరు, గేటు నుంచి తాళం దాకా పట్టిన గంటలు, ఎవరు ఎందుకు వెళ్ళిపోయారన్నది శ్రద్ధగా రాస్తే చాలు.

కొలత అవును-కాదు రూపంలో కాకుండా రాత్రుల రూపంలో ఉండాలి. మూడు నెలలకోసారి కూర్చోబెట్టి క్యాలెండరు ముందు పెట్టి ఒక్కో రాత్రినీ గుర్తుచేయించాలి. సొంత గది, బంధువుల ఇల్లు, షెల్టర్, రోడ్డు, ఆసుపత్రి, జైలు అని ఆరు గడులు. "దీపావళికి ఎక్కడున్నావ్? ఆ వాయిదా ముందు రోజు?" అని ఆనవాళ్ళు పట్టుకుని వెళ్తే జ్ఞాపకం బాగా పలుకుతుంది. అడిగేవాడు ఇల్లు నడిపే కార్యకర్త కాకూడదు. అన్నం పెట్టి అద్దె కట్టేవాణ్ణి నొప్పించే జవాబు ఎవరూ చెప్పరు.

జైలు రాత్రులను రికార్డుతో సరిచూసుకోవాలి. చెన్నైలో తెలుగువాళ్ళ పేర్లతో ఇక్కడో తంటా ఉంది. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం, ప, బలకూ త, దలకూ అంతే. అది ఇంగ్లీషులోకి ఎక్కేసరికి గోపి కోపి అవుతాడు, బాలయ్య పాలయ్య అవుతాడు. ఇంటిపేరు మాయమై తండ్రి పేరు ముందక్షరం ఇనీషియల్‌గా వస్తుంది. పుట్టిన తేదీ తెలియనివాళ్ళకు జనవరి 1 వేసేస్తారు. పేరును బట్టి వెతికితే తిరిగి జైలుకెళ్ళినవాడు కూడా 'దొరకలేదు' అని వస్తాడు, దాన్ని మనం 'వెళ్ళలేదు' అని రాసుకుంటాం. పథకం విజయం అక్షరదోషం వల్ల పెరిగిపోతుంది. జైలు గుర్తింపు సంఖ్య, కేసు సీఎన్ఆర్, తండ్రి పేరు, ఆధార్ ప్రకారం పేరు, తమిళంలో పేరు - ఈ ఐదూ చేరిన రోజే రాసుకుంటే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. రెండు గుంపులకూ ఒకే తీరులో వెతకాలి. ఇంట్లో ఉన్నవాడి వివరాలు మన దగ్గర సమృద్ధిగా ఉండి, పోలికవాడి పేరొక్కటే ఉంటే, తప్పు ఒకవైపే వాలుతుంది.

కనబడకుండా పోయినవాళ్ళ సంగతి. 40 మందికి ఇల్లు ఇచ్చాం, ఏడాదికి 28 మంది ఆచూకీ దొరికింది, వాళ్ళలో 24 మంది ఇళ్ళలో ఉన్నారు. 28తో భాగిస్తే 86 శాతం, 40తో భాగిస్తే 60. రెండూ రాయాలి, పెద్ద అక్షరాల్లో రెండోది. గది దక్కీ ఒక్క రాత్రి కూడా పడుకోనివాడు ఇంటి గుంపులోనే ఉంటాడు. అతన్ని తీసేస్తే లాటరీ తీసిన ప్రయోజనమే పోతుంది. చనిపోయినవాళ్ళను 'వెళ్ళిపోయారు'లో కలపకుండా విడిగా చూపాలి, తారీఖుతో సహా. చేరే రోజే ఆచూకీ చెప్పగల ముగ్గురి ఫోన్లు తీసుకోవాలి. వాళ్ళలో ఒకరైనా ఊళ్ళోవాళ్ళు ఉండాలి. పోలిక గుంపును నిలుపుకోవడమే ఎక్కువ కష్టం, దానికి ప్రతి ఇంటర్వ్యూకూ రానుపోను ఖర్చు, ఒక పూట కూలి ఇచ్చి తీరాలి.

ఫలితం రాలేదంటే ఇల్లు పనికిరాదనా, అసలు ఇల్లే ఇవ్వలేదనా? దీన్ని విడదీయడానికి ఏం ఇచ్చామో కూడా కొలవాలి. ఒప్పందం అతని పేరున ఉందా? తాళం అతని దగ్గరుందా? రాత్రి ఎన్నింటికి రావాలని గంట పెట్టారా? తాగితే గెంటేస్తారా? కార్యకర్తకు 10-15 మంది ఉన్నారా, 50 మందా? హాల్లో 30 మంచాలు వేసి రాత్రి తొమ్మిదికి గేటు మూసేది నైట్ షెల్టర్. దానికీ అవసరం ఉంది, పేరు మార్చి కొలవకూడదంతే. మానసిక ఆసుపత్రుల్లో ఏళ్ళ తరబడి ఉండిపోయినవాళ్ళ కోసం ఇక్కడి బాన్యన్ సంస్థ 2015లో మొదలుపెట్టిన హోమ్ అగైన్‌లో నలుగురైదుగురు మామూలు వీధిలో మామూలు ఇంట్లో ఉంటారు, సాయానికి మనుషులుంటారు. జైలు నుంచి వచ్చేవాళ్ళ కోసం పెట్టింది కాదు గానీ నమూనా చూడాలంటే దూరం పోనక్కర్లేదు. అద్దె ఇళ్ళ సంగతికొస్తే, 2017 నాటి తమిళనాడు చట్టం ప్రకారం అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు. అయినా ఇంటివాళ్ళు అంతకన్నా అడుగుతుంటారు. అద్దెకు ఇల్లు అడిగితే ఎంతమంది కాదన్నారో, ఎందుకు కాదన్నారో కూడా ఫలితాల్లో భాగమే.

చివరగా డబ్బు. న్యూయార్క్‌లో జైలు, షెల్టర్, ఆసుపత్రి వంటి అత్యవసర సేవల ఖర్చు ఒక్కొక్కరి మీద ఏడాదికి 15,680 డాలర్లు తగ్గిందని లెక్క వేశారు. ఒహాయోలో శిక్ష పూర్తయి వచ్చినవాళ్ళకు ఇచ్చిన ఇళ్ళలో తిరిగి అరెస్టయ్యే అవకాశం 40 శాతం, తిరిగి జైలుకెళ్ళే అవకాశం 61 శాతం తగ్గాయి. ఖర్చు మాత్రం పెరిగింది, ఎందుకంటే అందాల్సిన చికిత్స అప్పటికి అందింది. మన దగ్గర 'జైలు ఖర్చు ఆదా' అనే వాదన ఎత్తుకోకపోవడమే మంచిది. దేశం మొత్తం మీద 2022లో జైళ్ళు 131 శాతం నిండి ఉన్నాయి. పదిమంది బయటికొచ్చినంత మాత్రాన ఒక వార్డరు జీతం గానీ ఒక బ్యారక్ కరెంటు బిల్లు గానీ తగ్గదు, మిగిలేది వాళ్ళ తిండి ఖర్చే. సగటు ఖర్చుతో గుణించి లక్షల ఆదా చూపిస్తే ఆర్థిక శాఖలో మొదటి గుమాస్తానే దాన్ని కొట్టేస్తాడు. నివేదికలో రెండు అంకెలు వేయండి. పోలిక గుంపు కన్నా అదనంగా ఇంట్లో గడిచిన ఒక్కో రాత్రికి ఎంత ఖర్చయింది, తప్పించగలిగిన ఒక్కో వారెంటుకు ఎంత ఖర్చయింది. అద్దె, కార్యకర్త జీతం, ఖాళీగా పడి ఉన్న గదుల అద్దె, ఇంటివాడికి పోయిన అడ్వాన్సు అన్నీ అందులోకి రావాలి. మూల్యాంకనానికైన ఖర్చును మాత్రం విడిగా చూపండి, దాన్ని కలిపి ఇల్లు ఖరీదైనదని ఎవరూ అనకుండా.